బలం గోలీలు

గద్వాల,
15 జూన్ 2025, ఆదివారం

నిరోషకు మీ వదిన నీలవేణి రాస్తున్నది.

ఫోన్ ఉండగా ఈ కాగితం గోల ఏమిటని నవ్వుకుంటావు. ఇంట్లో ఉన్నది ఒక్క ఫోన్. అది మీ అన్న జేబులో ఉంటుంది. నీకు కలిపితే చాలు, అత్తమ్మ "జర స్పీకర్ పెట్టుండ్రి, నా బిడ్డ గొంతు నేను గూడ ఇంట" అంటుంది. ఇక నేను "తిన్నవా, పన్నవా" తప్ప ఏం మాట్లాడను? పోస్టాయన రెండింటికి మా వీధికి వస్తాడు. ఆ వేళకు మీ అన్న మగ్గం గుంటలో ఉంటాడు, అత్తమ్మ కునుకు తీస్తుంటుంది, నేను గడప దగ్గర మగ్గానికి దారం కండెలు చుడుతుంటాను. నీ జవాబు నా చేతికే వస్తుంది.

మొన్న గురువారం శ్రుతిని మీ గురుకులం గేటు లోపలికి పంపి బస్సెక్కాక కొత్తకోట దాకా ఏడ్చాను. మా వీధిలో ఆడపిల్లకు అయిదో తరగతి సీటు రావడం ఇదే మొదలు. అదీ మేనత్త నర్సుగా ఉన్న బడిలోనే రావడం దాని అదృష్టం. అందుకే ధైర్యం చేశాను.

దానికి కొంచెం నీరసం ఉంది. పెట్టెలో ఒక చిన్న డబ్బా పెట్టాను. అవి బలం గోలీలు. పొద్దున ఒకటి, రాత్రి అన్నం తిన్నాక ఒకటి, నీ చేత్తోనే వెయ్యి. ఒక్క పూట కూడా తప్పకూడదు. పైమంచం ఇస్తే వద్దని కింది మంచం ఇప్పించు. నీళ్ల తొట్టి దగ్గరికి ఒంటరిగా పోనివ్వకు. పెద్దపిల్లలతో కలిసి ఒక్కపొద్దులు ఉంటానంటే ఒప్పుకోకు. పెందలాడే పడుకోబెట్టు.

ఇన్ని చెబుతున్నానని విసుక్కోకు. ఒక్కతే బిడ్డ. అన్నట్టు, అత్తమ్మ కీళ్ల నొప్పుల గోలీలు అయిపోవచ్చాయట. ఈసారి వచ్చేటప్పుడు తెమ్మంది.

నీ వదిన,
నీలవేణి


వనపర్తి,
22 జూన్

వదినా,

నీ ఉత్తరం చూసి నవ్వాను, నిజమే. రెండోసారి చదివాక నవ్వు ఆగిపోయింది. ఎందుకో కింద రాస్తాను.

ముందు నీ బిడ్డ సంగతి. మూడు రోజులు ఏడ్చింది. "రాట్నం చప్పుడు లేకుంటె నిద్ర పడ్తలేదు అత్తా" అంది. ఇక్కడ నాలుగు వందల అరవై మంది ఆడపిల్లల చప్పుడు ఉంటే దానికి రాట్నం చప్పుడే కావాలట! నాలుగో రోజుకు జములమ్మ అని ఒక స్నేహితురాలు దొరికింది. గట్టు మండలం పిల్ల. అమ్మానాన్నలు పుణెకు ఇళ్ల కట్టుబడి పనికి పోయారు, అవ్వ తెచ్చి వదిలింది. శ్రుతి దాన్ని జమ్మీ అంటుంది. ఇప్పుడు ఇద్దరిదీ ఒకే కంచం ఒకే మంచం. కింది మంచమే ఇప్పించానులే.

బడి తెరిచిన మొదటి పది రోజులు నా ప్రాణం మీదికి వస్తాయి. ప్రతి పిల్ల ఎత్తు, బరువు, కళ్లు, పళ్లు చూడాలి, వేలు గుచ్చి రక్తం చూడాలి. పదో తరగతి పిల్ల, నాకంటే జానెడు పొడుగు, సూది చూసి నా మీదే పడిపోయింది. శ్రుతి మాత్రం కిక్కురుమనలేదు. బరువు ఇరవై ఆరు కిలోలు, రక్తం పదిన్నర. పర్వాలేదు. జమ్మికి ఏడే ఉంది. ఆ పిల్ల మెట్లెక్కితే ఆయాసపడుతుంది. ఐరన్ గోలీలు మొదలుపెట్టాను.

ఒక్కొక్కరికీ ఒక కార్డు రాయాలి. అందులో తొమ్మిదో గడి ఇది: "ఫిట్స్, ఆయాసం, గుండె జబ్బు. ఉన్నవా? లేవా?" శ్రుతి కార్డులో ఆ గడి ఒక్కటే ఖాళీగా ఉంది.

నీ డబ్బా తెరిచాను. గోలీల షీట్లను కత్తెరతో ఒక్కో గోలీకి ఒక్కో ముక్కగా కోశావు. పేరున్న చోట రేకు గోకావు. బలం గోలీల మీద ఇంత ఓపిక ఎవరికుంటుంది వదినా? పైమంచం వద్దు, నీళ్ల తొట్టి వద్దు, ఒక్కపొద్దు వద్దు, నిద్ర తక్కువ కావద్దు. నీరసం ఉన్న పిల్లకు చెప్పే జాగ్రత్తలా ఇవి?

నిరుడు ఏడో తరగతి పిల్ల ఒకతి ప్రార్థనలో పడి కొట్టుకుంది. సాయంత్రానికల్లా తండ్రిని పిలిపించి టీసీ చేతిలో పెట్టారు. మా ప్రిన్సిపల్ మేడం చెడ్డది కాదు, భయస్తురాలు. "ఇంతమంది పిల్లల్ల నాకు గీ బాధ్యత వద్దు" అంది. అది నాకు తెలుసు. అయినా అడగక తప్పదు. కార్డులు నెలాఖరుకు ఇవ్వాలి. నిజం రాయి.

నిరోష


గద్వాల,
27 జూన్

నిరోషా,

నీ ఉత్తరం అందింది. నువ్వు నర్సు చదువు చదివిన దగ్గర్నుంచి నీకు అందరిలో రోగాలే కనిపిస్తున్నాయి. దానికి ఏమీ లేదు. వేసవిలో మా పుట్టింటికి రాజోలి పోయినప్పుడు ఎండకు కళ్లు తిరిగాయి. మా తమ్ముడు రాజు కర్నూలులో డాక్టరుకు చూపించాడు. ఆయన బలానికి రాశాడు. అంతే. డబ్బా చిన్నది కాబట్టి షీట్లు పట్టలేదు, కోశాను. కత్తెర తగిలి రేకు గీసుకుపోయి ఉంటుంది. కింది మంచం అడిగింది అది నిద్రలో దొర్లుతుందని. నీళ్ల తొట్టి అంటే ఏ తల్లికైనా భయం ఉండదా? ఒక్కపొద్దు సంగతి నీరసం వల్లే రాశాను. నిద్ర సంగతి కూడా అంతే.

ఇక్కడి కబురు చెబుతాను. మా వీధి చివర స్వరూప గుర్తుందా, మొన్న వాళ్ల మరిది పెళ్లిలో ఆమె కొడుకు అందరి ముందూ పడి కొట్టుకున్నాడు. నురగ వచ్చింది. నెల తిరగకుండా తల్లినీ కొడుకునూ పుట్టింటికి పంపేశారు. అత్తమ్మ అరుగు మీద కూర్చుని నలుగురిలో "అది తల్లి దిక్కునుంచి అచ్చిన రోగం. మా ఇండ్లల్ల గసుంటిది లేదు" అంది. నేను కండెలు చుడుతూ విన్నాను. ఊరికే రాశాను, నీకు వీధి కబుర్లు ఇష్టమని.

ఆ గడిలో లేవని రాయి. ఇవన్నీ అత్తమ్మ దగ్గర ఎత్తకు, మీ అన్న దగ్గర కూడా.

నీలవేణి


వనపర్తి,
5 జూలై

వదినా,

నేను అడిగింది ఒక్క మాట. నువ్వు రాసింది పేజీన్నర. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టుంది. సరే, నువ్వు తల్లివి. నీ మాటే మాట. తొమ్మిదో గడిలో "లేవు" అని రాసి కార్డు ఇచ్చేశాను. ఇక ఆ సంగతి నన్ను అడగకు, నేనూ అడగను.

ఇక్కడ జ్వరాలు మొదలయ్యాయి. ఒక్కో రోజు ముప్ఫై మంది నా గది ముందు వరుస కడుతున్నారు. కొత్తగా వచ్చిన పిల్లల్లో సగం మందికి అమ్మ మీద బెంగే జ్వరం. నుదురు మీద చెయ్యి పెట్టి రెండు మాటలు మాట్లాడితే తగ్గిపోయేవి కూడా ఉన్నాయి. ఆ రెండు మాటలకే నాకు తీరిక లేదు. అందుకే నీ డబ్బా శ్రుతికే ఇచ్చాను. బలం గోలీలే కదా! బుద్ధిమంతురాలు, పూట తప్పకుండా డబ్బా తెరుస్తుంది. నేనే చూశాను.

జమ్మితోనే నాకు పరేషాన్‌గా ఉంది. ఐరన్ మొదలుపెట్టాక కోలుకోవాలి కదా, రోజురోజుకూ మత్తుగా ఉంటోంది. లెక్కల క్లాసులో తల వాల్చి నిద్రపోతుందని టీచరు కొట్టింది. నిన్న నడుస్తూ తూలింది, వాంతి చేసుకుంది. శ్రుతి దాన్ని పట్టుకుని నా దగ్గరికి తెచ్చి "అత్తా, జమ్మికి బలం ఎందుకు అస్తలేదు?" అని ఏడ్చింది. సోమవారం దవాఖానకు తీసుకుపోతాను. పుణె ఫోన్ కలవడం లేదు.

అన్నను అడిగానని చెప్పు.

నిరోష


గద్వాల,
10 జూలై

నిరోషా,

డబ్బా వెంటనే వెనక్కి తీసుకో. ఈ ఉత్తరం చదువుతుండగానే లేచి వెళ్లి తీసుకో. నీ చేత్తో వెయ్యి, మింగిందాకా నోరు తెరిపించి చూడు. ఎందుకని అడగకు.

రెండో ఆదివారం తల్లిదండ్రులను రానిస్తారు కదా, నేను రావాలనుకున్నాను. శ్రావణానికి ఇవ్వాల్సిన చీర మగ్గం మీద ఉంది, కండెలు చుట్టే దాన్ని నేనే. "నేను పోయొస్త, నువ్వు పని ఆపకు" అన్నాడు మీ అన్న. బిడ్డను చూసి వస్తానని ఎంత బతిమాలినా అత్తమ్మ కూడా ఆయన పక్షమే. ఆయన చేతికి ఈ ఉత్తరం ఇవ్వలేను. అందుకే పోస్టులో వేస్తున్నాను. ఆయన కంటే ముందు అందితే బాగుండు.

తీసుకున్నానని ఒక్క ముక్క రాయి.

నీలవేణి


వనపర్తి,
16 జూలై

వదినా,

ఆదివారం అన్న వచ్చి పోయాక, నీ ఉత్తరం నిన్న మూడింటికి వచ్చింది. శ్రుతి పన్నెండున్నరకు పడింది. ఇప్పుడు బాగుంది, నా గదిలో పడుకుని ఉంది. ఆ మాట మొదట చదువుకుని, నీళ్లు తాగి, అప్పుడు మిగతాది చదువు.

అన్నం వరుసలో కంచం పట్టుకుని నిలబడింది. కంచం జారింది, దాని వెనకే అది పడింది. రెండడుగులు అవతల సాంబారు గంగాళం పొగలు కక్కుతూ ఉంది. అటు పడి ఉంటే నేను ఈ ఉత్తరం రాసేదాన్ని కాదు. పిల్లలు కేకలు పెట్టారు. వంటమ్మ తాళాల గుత్తి తెచ్చి దాని గుప్పిట్లో కుక్కింది. ఇంకొకామె నోట్లో గరిటె పెట్టబోయింది, ముందు పన్ను కొస విరిగింది. నేను పరుగెత్తుకొచ్చి అందరినీ నెట్టి పక్కకు తిప్పి పడుకోబెట్టాను. నాలుగు నిమిషాలు. వాచీ చూస్తూ కూర్చున్నాను వదినా, నా మేనకోడలు కొట్టుకుంటుంటే.

దవాఖానలో డాక్టరు "మందులు ఆపేసిండ్రా?" అని అడిగాడు. ఆపలేదన్నాను. మంచం మీద సగం మత్తులో ఉన్న శ్రుతి నా కొంగు లాగింది.

"ఆపలే అత్తా. పొద్దుటిది నేను ఏసుకుంటున్న. రాత్రిది జమ్మికి ఇస్తున్న. దానికి రక్తం ఏడే ఉందని నువ్వే జెప్పినవ్ గదా. బలం నాకంటె దానికే ఎక్కువ గావాలె."

రెండు వారాలుగా ఇస్తోంది. జమ్మి మత్తూ, తూలడమూ, వాంతులూ అవే. లెక్కల టీచరు కొట్టిన దెబ్బలు కూడా మన లెక్కలోవే. పోయిన సోమవారం చూపిస్తే నీరసమే అన్నారు, నిన్న సంగతి చెప్పాక ఆ పిల్లను ఒక రాత్రి దవాఖానలో ఉంచి రక్తం పరీక్షలు చేశారు. ప్రమాదం లేదన్నారు. అవ్వకు కబురు పంపాను. ఆమె వచ్చి నా చేతులు పట్టుకుని దండం పెట్టింది, బిడ్డను బాగా చూస్తున్నావని. నేను తల ఎత్తలేకపోయాను.

నీ మీద కోపంతో ఒళ్లు మండిపోతోంది. నీకు రాయాలనుకున్న తిట్లన్నీ రాత్రే రాసి చింపేశాను. ఎందుకంటే నేనూ నీలాంటిదాన్నే. డబ్బా తెరిచిన రోజే అవి ఏం గోలీలో నాకు తెలుసు. నీ మాట నమ్మలేదు, నమ్మినట్టు నటించాను. తెలుసని ఒప్పుకుంటే కార్డులో రాయాలి. రాస్తే పిల్ల ఇంటికి పోతుంది. అందుకని "లేవు" అని రాసి, బలం గోలీలే కదా అన్న ధీమా నటించడానికి డబ్బా దాని చేతికే ఇచ్చాను. అంత తెలివి నాది.

ఎట్లా గుర్తుపట్టానో కూడా చెబుతాను. నేను నెలనెలా అమ్మకు తెచ్చిచ్చే కీళ్ల నొప్పుల గోలీలు ఉన్నాయి కదా, అవీ ఇవే. వాటి షీట్లు కూడా నేనే కత్తెరతో కోసి, రేకు గోకి తెస్తాను. నాకు పన్నెండేళ్లప్పుడు అమ్మ పెరట్లో నా ముందే పడింది. లేచాక మొదటి మాట "నోరిప్పితె నీ పెండ్లి గాదు, మీ అన్న పెండ్లి గాదు" అంది. నాన్నకు తెలుసు, ఆయన పోయాడు. నాకు తెలుసు. అన్నకు తెలియదు. "మా ఇండ్లల్ల లేదు" అని అరుగు మీద అన్నది ఆమె, కండెలు చుడుతూ విన్నది నువ్వు. ఒకే ఇంట్లో, ఒకే గోలీలకు చెరొక దొంగ పేరు పెట్టుకుని బతుకుతున్నారు మీరు.

చెబితే మానం పోతుంది, చెప్పకపోతే ప్రాణం పోతుంది అంటారు. మనం ఆ మానాన్నే పట్టుకుని వేలాడాం.

మేడం అన్నకు ఫోన్ చేయబోతే నేనే ఆపాను, మేనత్తను కదా, ఇంటికి నేను చెబుతానని. సోమవారం లోపు తండ్రి వచ్చి మాట్లాడాలి. లేకపోతే టీసీ పోస్టులో పంపుతానంది. అన్న ఇది నీ నోటితో వినాలి. శుక్రవారానికి నీకు ఈ ఉత్తరం అందుతుంది. ఆ తర్వాత నీకున్నవి రెండు రోజులు.

నిరోష


గద్వాల,
20 జూలై, ఆదివారం

నిరోషా,

ఈ ఉత్తరాన్ని అత్తమ్మ చేతికిచ్చి పంపుతున్నాను. ఆమెకు చదవడం రాదని కాదు. ఇక ఆమె దగ్గర దాచేది ఏమీ లేదని.

రెండేళ్ల కింద రాజోలిలో, మా అమ్మ ఇంట్లో, సజ్జరొట్టె తింటూ తింటూ పడింది శ్రుతి. ఎండదెబ్బ అనుకున్నాం. మూడో రోజు మళ్లీ పడింది. రాజు బండి మీద కర్నూలుకు తీసుకుపోయాం. డాక్టరు తల ఫోటో తీయించి, మూడేళ్లు మందులు వాడితే చాలామందికి తగ్గిపోతుందన్నాడు. ఎవరికీ చెప్పకూడదని ఆయన అనలేదు. అది నేను అనుకున్నాను. బస్సులో వస్తూ, గద్వాల వచ్చేలోపల, బలం గోలీలు అనే మాట దొరికింది నాకు. అప్పటి నుంచి రెండు నెలలకోసారి రాజు తెచ్చి ఇస్తున్నాడు. ఒక్కసారి కూడా మళ్లీ రాలేదు. ఇక రాదనే అనుకున్నాను. చదువుకుంటే ఆ పిల్ల బతుకు దాని చేతిలో ఉంటుంది, ఎవరూ స్వరూపను పంపినట్టు పుట్టింటికి పంపలేరు అనుకున్నాను. ఇంతే నా పాపం.

శుక్రవారం నీ ఉత్తరం గడపలో చదివాను. దారం తెగి రాట్నం ఉత్తదే తిరుగుతోంది. గూట్లో అత్తమ్మ డబ్బా ఉంటుంది. రోజూ రాత్రి అందులోంచి గోలీ తీసి, నీళ్లు ఇచ్చి, "కీళ్లు నొస్తున్నయా అత్తమ్మా?" అని అడిగేదాన్ని నేనే.

సాయంత్రం మీ అన్న మగ్గం దిగి చేతులు కడుక్కుంటుంటే చెప్పాను. మొదట అర్థం కాలేదు. "ఎవరికి? మన శ్రుతికా?" అని నవ్వాడు. అప్పుడు అంతా చెప్పాను, విరిగిన పన్ను దాకా. చెంబు అక్కడే వదిలేశాడు.

"రెండేండ్లు నా పక్కల పండుకుంట, నా బిడ్డ సంగతి నాకు జెప్పలేదు నువ్వు?"

"భయమైంది."

"నేనేం జేస్తననుకున్నవ్? ఎల్లగొడ్తననుకున్నవా?"

అవునన్నాను. అబద్ధం ఆడే ఓపిక అయిపోయింది. ఆ మాటకు ఆయన ముఖం చూడలేకపోయాను. కొట్టినా బాగుండేది. మళ్లీ గుంటలోకి దిగాడు కానీ మగ్గం ఆడలేదు. అట్లానే కూర్చున్నాడు. తర్వాత అక్కడి నుంచే "టీసీ తీస్కొని ఇంటికి తోల్కొస్త. నా కండ్ల ముందుంటది. సదువు లేకుంటె ఏమాయె" అన్నాడు. నేనూ వస్తానంటే "నువ్వు రాకు. ఆడ ఇంకేం కథలు జెప్తవో" అన్నాడు.

అత్తమ్మ సంగతి నేను ఆయనకు చెప్పలేదు. అది చెప్పాల్సింది నేను కాదు. ఆమె అంతా విన్నది. రెండు పూటలు అన్నం ముట్టలేదు. నిన్న వచ్చి రాట్నం పక్కన కూర్చుంది.

"నిరోష నీకు నా ముచ్చట జెప్పిందా?"

తల ఊపాను.

"ఎరుకైతె నువ్వు నన్ను మనిషి లెక్క జూడవనుకున్న. నీకు ఎరుక లేదనే నీ చేతి నీళ్లతోటి మింగిన ఇన్నేండ్లు."

ఆమె కళ్లు తుడుచుకోలేదు, నేనూ తుడవలేదు. "రేపు నేను గూడ పోత" అని లేచిపోయింది. ఎందుకు వస్తోందో నాకు తెలియదు. కొడుకుతో కలిసి పిల్లను తెచ్చేయడానికో, మరి దేనికో.

నేను ఇక్కడే ఉంటాను. అడకత్తెరలో పోకచెక్క అంటే ఏమిటో ఈ రెండు రోజుల్లో తెలిసింది. ఏం జరిగినా ఉన్నదున్నట్టు రాయి.

నీ వదిన


వనపర్తి,
22 జూలై

వదినా,

ఉన్నదున్నట్టే రాస్తున్నాను.

అన్న వచ్చీ రాగానే "టీసీ ఇయ్యుండ్రి మేడం" అన్నాడు. మేడం బరువు దిగినట్టు కాగితం ముందుకు జరిపింది. పిల్లను పిలిపించమన్నాడు. శ్రుతి వచ్చింది, వెనకే జమ్మి వచ్చి తలుపు పట్టుకుని నిలబడింది.

"నాయినా, నాకేమైతది?" అంది శ్రుతి. "అందరు నన్ను జూసి మంచాలు దూరం జరుపుకుంటున్రు. నేను పడ్డప్పుడు ఏం జేసిననో ఎవ్వరు జెప్తలేరు. నాకేమైతది?"

అన్న నా వైపు చూశాడు. నేను అమ్మ వైపు చూశాను. నేను నర్సును.

అమ్మ కుర్చీలోంచి లేచి దాని ముందు నేల మీద కూర్చుంది. "ముందుగాల నోట్ల ఇనుము నాకినట్టు రుచి అస్తది గదా బిడ్డా?" అంది.

శ్రుతి అట్లానే చూసింది. "అవునవ్వా! నీకెట్ల తెల్సు?"

"చెవులల్ల గుయ్యిమంటది. ఎవరో పిలుస్తున్నట్టుంటది, పలుకుదామంటె నాలుక లేవదు. తర్వాత ఏం తెల్వదు. లేసినంక ఒళ్లంత నొస్తది, ఏడుపస్తది. నాకు నలభై ఏండ్ల సంది ఉంది బిడ్డా. నేను సచ్చిన్నా? ఇద్దరు పిల్లల గన్న, ఇన్ని చీరెలకు అంచులు వెట్టిన. నీకూ ఏం గాదు."

వదినా, ఆ పిల్ల అమ్మ మెడ పట్టుకుని వదల్లేదు. తన లోపల జరిగేది తెలిసిన మనిషి దానికి మొదటిసారి దొరికింది.

అన్న గోడకు ఆనుకున్నాడు. "అమ్మా, నువ్వు గూడనా?" అన్నాడు. అమ్మ "నీ పెండ్లాన్ని ఏమనకు. దానికి దాసిపెట్టుడు నేర్పింది నా నోరే" అంది. అంత మాట అమ్మ నోటి నుంచి వస్తుందని నేను ఈ జన్మలో అనుకోలేదు.

ఇక్కడితో అంతా మారిపోయిందని రాస్తే నీకు సంతోషంగా ఉంటుంది. మేడం అంతా విని "అయితే వంశంలనే ఉందన్నట్టు" అని కార్డు మీద రాసుకుంది. నిజం చెప్పినందుకు మనకు దక్కింది అది. అన్నకు అప్పుడు పౌరుషం వచ్చింది. టీసీ కాగితం వెనక్కి నెట్టి "నా బిడ్డ ఈడనే సదువుతది. యాడ సంతకం వెట్టాలె?" అన్నాడు. ఏం జరిగినా బడికి సంబంధం లేదని రాయించుకున్నారు. గోలీలు నర్సు గదిలోనే ఉండాలట. మిగతా పిల్లలకు తెలియకూడదట, భయపడతారట. నాలుగు వందల అరవై మంది కళ్లారా చూశాక!

కార్డులో అబద్ధం రాసినందుకు నాకు మెమో వచ్చింది. ఒకటో తారీఖు నుంచి నన్ను బిజినేపల్లి దగ్గరి బడికి మారుస్తున్నారు. తప్పు చేశాను కాబట్టి నోరెత్తలేదు. కొత్తగా వచ్చే నర్సు ఎట్లాంటిదో తెలియదు. కాబట్టి మేడం చెప్పినా వినకుండా, శ్రుతి గదిలోని పిల్లలందరినీ కూర్చోబెట్టి నేర్పుతున్నాను. పక్కకు తిప్పాలి, చేతిలో ఏమీ పెట్టకూడదు, నోట్లో ఏమీ పెట్టకూడదు, గడియారం చూడాలి. జమ్మి మంచం శ్రుతి మంచానికి ఆనించి వేసుకుంది. మిగతా మంచాలు ఇంకా దూరంగానే ఉన్నాయి.

ఒక్క మాట మిగిలింది. నిన్న తల దువ్వుతుంటే శ్రుతి అడిగింది. "అత్తా, అమ్మకు నేనంటె సిగ్గా?"

జడ వేసి పంపాను. ఆ ప్రశ్న నాది కాదు. ఇక నాకు రాయకు వదినా. దానికి రాయి.

నిరోష


గద్వాల,
3 ఆగస్టు

శ్రుతీ,

అమ్మ రాస్తున్నది. ఇదివరకు నీకు ఎప్పుడూ ఉత్తరం రాయలేదు. పది రోజుల నుంచి రాసి చింపుతున్నాను.

నీకున్న జబ్బును ఫిట్స్ అంటారు. మూర్ఛ అని కూడా అంటారు. నువ్వు వేసుకునేవి బలం గోలీలు కావు, ఆ జబ్బుకు మందు. అవి నీవి, జమ్మికి పనికిరావు. జమ్మికి వేరే మందు ఉంది. నువ్వు చేసింది తప్పు కాదు. నేను చెప్పిన అబద్ధం తప్పు.

నీ మీద నాకు సిగ్గు లేదు బిడ్డా. ఎన్నడూ లేదు. నలుగురూ నన్ను ఏమంటారో అని భయం. ఆ భయం నాది. దాన్ని నీ డబ్బాలో పెట్టి నీ వెంట పంపాను.

నువ్వు పడినప్పుడు ఏం జరుగుతుందో నువ్వు చూడలేదు. రాజోలిలో రెండుసార్లూ నీ తల నా ఒళ్లోనే ఉంది. నేను చూశాను. అంతా చెబుతాను, ఏదీ దాచకుండా. జమ్మిని కూడా పిలువు. వింటామంటే మీ గదిలో పిల్లలందరినీ పిలువు. వాళ్ల ముందే చెబుతాను.

నాయిన నాతో ఇంకా సరిగా మాట్లాడడం లేదు. ఈసారి కూడా తానే వస్తానని, నన్ను పని చూసుకోమని అన్నాడు. అవ్వ వద్దనలేదు, పొమ్మనలేదు. కండెలు రెండు రోజులకు సరిపడా చుట్టి పెట్టాను.

పదో తారీఖు ఆదివారం మొదటి బస్సుకు నేనే వస్తున్నాను. గేటు దగ్గర ఉండు.

మీ అమ్మ